కడలి లెక్క – పంచుకొనే నీతి

తృతీయ బి.యస్సీ. (జంతుశాస్త్రం) విద్యార్థి

సముద్రంలో ఏ జీవి ఎక్కడ, ఎంత లోతున, ఏ కాలంలో కనబడిందో రాసిపెట్టిన లెక్కనే సముద్ర జీవవైవిధ్య సమాచారం అంటాము. ఒక్క దేశపు ఓడతో యీ లెక్క తేలదు. చేపలకు సరిహద్దులు లేవు గదా! అందుకే 2000 నుండి 2010 వరకు అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలసి 'సముద్ర జీవగణన' నడిపారు. అందులో పుట్టిన 'ఓబిస్' అనే సమాచార నిధిని 2009లో యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం తన నీడలోకి తీసుకున్నది. దానిని ఎవరైనా ఉచితంగా చూడవచ్చును.

పంచుకొనడం మంచిదే. గాదెలో దాచిన విత్తు పుచ్చిపోతుందని రైతుకు తెలుసు. ఐతే పంచేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: అంతా చెప్పవచ్చునా? సముద్ర దోసకాయ అనే మెత్తని ప్రాణి, మన చేలలో వానపాములాగా, అడుగు మట్టిని తిని శుభ్రపరుస్తుంది. 2001లో మన ప్రభుత్వం దాని వేటను నిషేధించింది. అయినా మన్నార్ సింధుశాఖలో దొంగవేట ఆగలేదు. అది ఉండే చోటును అచ్చంగా ప్రకటిస్తే శాస్త్రజ్ఞుడితోపాటు దొంగ కూడా చదువుతాడు. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత నాలుగంకెలు వేస్తే 11 మీటర్లలో చోటు తెలిసిపోతుంది. ఒక్క అంకెతో ఆపితే 11 కిలోమీటర్ల మేర మాత్రమే తెలుస్తుంది. కాబట్టి అందరికీ ఒక్క అంకె, నమ్మదగిన పరిశోధకునికి నాలుగంకెలు – ఇది న్యాయమైన పద్ధతి.

రెండవది: ముందు తెలిసినదెవరికి? చాలాసార్లు వలవేసే బెస్తవానికే. అతడు చెప్పిన చోటు అచ్చయితే రేపు పెద్ద ట్రాలర్లు అక్కడికే వస్తాయి. అందుచేత అతని అనుమతి అడగాలి, అతని పాలు ఒప్పుకోవాలి.

మూడవది: లాభం ఎవరికి? పసుపు పండించే ఇంట పుట్టినవాణ్ణి కనుక ఒక సంగతి చెబుతాను. పసుపుతో గాయం మాన్పడానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపి వాదించగా 1997లో అది రద్దయింది. సముద్రజీవుల జన్యు సమాచారానికీ ఇదే గతి పట్టవచ్చును. అందుకే ఏ దేశానికీ చెందని నడిసముద్రపు జీవుల విషయమై 2023లో ఐక్యరాజ్యసమితిలో ఒప్పందం కుదిరింది. 2026 జనవరి 17 నుండి అది అమలులోకి వచ్చింది. జన్యు సమాచారం వల్ల వచ్చే లాభాన్ని దేశాలు పంచుకోవాలని అది చెబుతుంది.

మిత్రులారా! దాపరికమే నీతి అనుకోరాదు. అన్నీ దాచేస్తే ఓడలు లేని పేదదేశపు విద్యార్థే ముందు నష్టపోతాడు. విత్తు పంచుదాం, పంచేటప్పుడు ఎవరి చేనులోదో చెబుదాం.