సాగర్ కాలువ మీద విజిటర్: ట్రీలో వెతకడం ఎట్లా?

కంప్యూటర్ సైన్సులో ట్రీ అంటే చెట్టే, కాకపోతే తలక్రిందుల చెట్టు. వేరు పైన, ఆకులు క్రింద. దీనికి చాలా పుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణ కంపెనీ మేనేజరు, ఆయన క్రింది ఉద్యోగులు. మన హాస్టల్ తమ్ముళ్లలో కంపెనీ లోపల చూసినవాళ్లు ఎందరు? కాలువ చూడనివాడు మాత్రం ఉండడు. అందుకే ఎం.సి.ఏ. చదువుతున్న మేము ఈ పాఠాన్ని సాగర్ ఎడమ కాలువ మీద చెప్పదలచుకున్నాము.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన కాలువ ఇది. అసలు పేరు లాల్ బహదూర్ కాలువ, పొడవు 179 కిలోమీటర్లు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుతూ ఖమ్మం వైపు పోతుంది. దీని క్రింద ముక్త్యాల, జాన్‌పహాడ్ వంటి బ్రాంచిలు, రాజవరం, వజీరాబాద్ వంటి మేజర్లు ఉన్నాయి. మేజర్ల నుండి మైనర్లు, మైనర్ల మీద తూములు, తూము నుండి పిల్లకాలువ, ఆ తరువాత మన మడి. డ్యాం రూట్ నోడ్, తూము లీఫ్ నోడ్. మధ్యలోవన్నీ పిల్లలున్న నోడ్లు.

దీన్ని జావాలో వ్రాద్దాం. బ్రాంచి, మేజర్, మైనర్, తూము, నాలుగు క్లాసులు. ఆయకట్టు మొత్తం కూడమంటే నాలుగింటిలోను ఒక్కో మెథడ్ వ్రాస్తాం. మూసి ఉన్న షట్టర్లు లెక్కపెట్టమంటే మళ్లీ నాలుగు. ఫలానా తూము వెతకమంటే మళ్లీ నాలుగు. కొత్త ప్రశ్న వచ్చినప్పుడల్లా చక్కగా పనిచేస్తున్న క్లాసులన్నీ విప్పవలసి వస్తుంది.

నిజం కాలువ అట్లా ఉండదు. లస్కరు వచ్చి షట్టరు చూస్తాడు. ఇంజనీరు గారు వచ్చి నీటిమట్టం చూస్తారు. రెవెన్యూ వాళ్లు వచ్చి సాగైన ఎకరాలు వ్రాసుకుంటారు. కాలువ మారదు, వచ్చేవాడు మారతాడు. విజిటర్ ప్యాటర్న్ అంటే ఇంతే. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడీస్ అనే నలుగురు 1994లో వెలువరించిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకంలోని 23 ప్యాటర్న్‌లలో ఇది ఒకటి.

ప్రతి నోడ్‌లో యాక్సెప్ట్ అనే మెథడ్ ఒక్కటి ఉంటుంది. వచ్చినవాడితో అది "నేను మేజర్‌ను, మేజర్ దగ్గర నీ పని ఏదో చేసుకో" అంటుంది. తూము అయితే తూము పని చేసుకోమంటుంది. ఏ కోడ్ నడవాలో నోడ్ రకము, విజిటర్ రకము రెండూ కలిసి తేలుస్తాయి. దీనినే డబుల్ డిస్పాచ్ అంటారు. ఇంటర్వ్యూలో నిర్వచనం అప్పజెప్పినవాడిని రెండో ప్రశ్న ఇక్కడే పట్టుకుంటుంది, జాగ్రత్త.

ఇక వెతకడం. మనకు కావలసిన తూము రాజవరం మేజర్ మీదనే దొరికిందనుకోండి. మామూలు విజిటర్ అక్కడ ఆగదు, కాలువ చివరిదాకా ప్రతి తూమూ తొంగిచూసి వస్తుంది. ఆగాలంటే విజిట్ మెథడ్ ఒక జవాబు తిరిగి ఇవ్వాలి. 2011లో వచ్చిన జావా 7లో ఫోల్డర్ల ట్రీని నడిచే విజిటర్ ఇట్లాగే చేస్తుంది. ముందుకు పో, దీని లోపలికి దిగకు, దీని తోబుట్టువులను వదిలెయ్యి, ఇక చాలు అని నాలుగు జవాబులు. రెండోది మనకు బాగా పనికొస్తుంది. నీళ్లు పారుతున్న తూములు వెతికేటప్పుడు మేజర్ షట్టరే మూసి ఉంటే దాని క్రింది తూములన్నీ చూడనక్కరలేదు.

ఒక మెలిక ఉంది. "ఇక చాలు" అన్న మాటను మైనర్ తన లూప్ ఆపుకోవడంతో సరిపెట్టకూడదు, మేజర్‌కు చెప్పాలి. మేజర్ బ్రాంచికి చెప్పాలి. మధ్యలో ఒక్కరు మింగేసినా పక్క మైనర్లో వెతుకులాట మళ్లీ మొదలవుతుంది.

అయితే అన్నింటికీ విజిటర్ అక్కరలేదు. చివరి భూములకు నీళ్లు రానప్పుడు మన నాయనలు డ్యాం నుండి వెతుక్కుంటూ రారు. రాత్రి బ్యాటరీలైటు పట్టుకుని తమ తూము నుండి మైనర్ తలకు, అక్కడినుండి మేజర్ తలకు, గట్టు వెంబడి పైకి నడుస్తారు. వరి ఎండుతుంటే ప్రతి తూమూ చూసి వచ్చే తీరిక ఎవరికుంటుంది? ప్రతి నోడ్‌లో తన తల్లి నోడ్ ఎవరో వ్రాసి ఉంచితే కోడ్ కూడా అట్లాగే పైకి నడుస్తుంది. వేల తూములున్నా నాలుగైదు అడుగుల్లో మూసిన షట్టరు దొరుకుతుంది. లీఫ్ చేతిలో ఉన్నప్పుడు పైనుండి వెతకడం దండుగ అని మా అభిప్రాయం.

విజిటర్‌కు ఒక లోపమూ ఉంది. రేపు కాలువ మీద లిఫ్టు పెట్టారనుకోండి, అది కొత్త రకం నోడ్. అప్పటిదాకా వ్రాసిన విజిటర్లన్నింటిలో లిఫ్టు దగ్గర చేయవలసిన పని చేర్చాలి. నోడ్ రకాలు స్థిరంగా ఉండి ప్రశ్నలు పెరిగేచోటనే ఇది లాభం.

అభ్యాసం: మీ ఊరి మైనర్‌ను తూములతో సహా కాగితం మీద గీయండి. నీళ్లు అందని తూములన్నింటినీ పోగుచేసే విజిటర్ వ్రాయండి. దీనిలో "ఇక చాలు" అనే జవాబు ఎందుకు వాడకూడదో ఆలోచించండి. కంప్యూటర్ దొరకకపోయినా ఫరవాలేదు, మేమూ మొదట నోటుబుక్కులోనే వ్రాశాము.