లూప్‌లో గిటార్ గొంతు మారిందంటే

కేఫేల్లో, పెళ్లి రిసెప్షన్లలో గిటార్, ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక్కరే వాయించేవాళ్లను తరచూ వేధించే ఇబ్బంది ఇది. వాయిస్తున్నంతసేపూ గిటార్ నిండుగా మోగుతుంది. పెడల్ తొక్కి లూప్ క్లోజ్ చేయగానే అదే వరస సన్నబడి, ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. కొందరికి ఇది పూర్తిగా తిరగబడుతుంది. లూపే పెద్దదైపోయి, దాని మీద వాయించే సోలో ఎవరికీ వినబడదు.

అప్పుడు చెయ్యి నేరుగా ఈక్యూ మీదికి పోతుంది. దయచేసి పోనివ్వకండి. ఈక్యూ తిప్పితే లూప్ కాస్త కుదిరినట్టనిపిస్తుంది, ఈలోగా లైవ్ గిటార్ చెడుతుంది. మీరు వాయించేది స్పీకర్‌కు ఒక దారిలో వెళ్తోంది, రికార్డయినది మరో దారిలో వెళ్తోంది. ఆ రెండు దారులూ ఎక్కడ విడిపోయాయో కనిపెడితే ఈక్యూ అవసరమే రాదు.

అన్నిటికంటే ముందు ఆడియో ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ చూడండి. అది ఆన్‌లో ఉండి, సాఫ్ట్‌వేర్ కూడా గిటార్‌ను బయటికి పంపుతుంటే మీ చెవికి ఒకే గిటార్ రెండుసార్లు చేరుతుంది. ఒకటి వెంటనే, రెండోది కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా. రెండూ సమానమైన బలంతో ఉండి, తేడా 5 మిల్లీసెకన్లనుకుందాం. 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 200, 400 దగ్గర కలిసి 6 డెసిబెల్స్ దాకా పెరుగుతాయి. గిటార్ ఐదో తీగ 110 హెర్ట్జ్ అని గుర్తు తెచ్చుకుంటే ఈ కోతలు ఎంత కీలకమైన చోట పడుతున్నాయో అర్థమవుతుంది. లూప్ మాత్రం సాఫ్ట్‌వేర్ దారిలో ఒక్కసారే వస్తుంది. అందుకే వాల్యూమ్, టోన్ రెండూ ఒకేసారి మారిపోతాయి. నిజానికి మారింది లూప్ కాదు. లైవ్‌లో మీరు విన్నదే అసలు గొంతు కాదు.

మందు ఏమిటంటే, ఒక్క దారే ఉంచండి. గిటార్ టోన్ ల్యాప్‌టాప్‌లోని ఆంప్ సిమ్యులేటర్ నుంచి వస్తుంటే డైరెక్ట్ మానిటర్ ఆపేసి, బఫర్‌ను 128 శాంపిల్స్‌కు తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 2.7 మిల్లీసెకన్లు. లోపలికి, బయటికి, మధ్యలో కన్వర్టర్లకు అన్నీ కలిపితే అంతకంటే ఎక్కువే అవుతుంది, అయినా వాయించడానికి ఇబ్బంది ఉండదు. టోన్ అంతా బయటి పెడల్స్‌లోనే తయారవుతుంటే డైరెక్ట్ మానిటర్ ఉంచుకుని, సాఫ్ట్‌వేర్‌లో లైవ్ గిటార్‌ను మూసేయండి. ఏబుల్‌టన్ లైవ్ లూపర్‌లో దీనికోసం ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు నాలుగు మానిటరింగ్ ఎంపికలున్నాయి. ఒకటి ఎప్పుడూ, రెండు అసలు వద్దు, మూడు రికార్డింగ్-ఓవర్‌డబ్ సమయంలో మాత్రమే, నాలుగు వాటితోపాటు ప్లే అవుతున్నప్పుడు కూడా. డైరెక్ట్ మానిటర్ ఆపేసి ఉండగా మూడోది ఎంచుకుంటే లూప్ ప్లేలోకి వెళ్లగానే చేతిలోని గిటార్ మాయమవుతుంది. తీగో కేబులో పోయిందని స్టేజీ మీద కంగారుపడేది ఇలాంటప్పుడే. సెషన్ క్లిప్‌లతో లూప్ చేసేవాళ్లకు ట్రాక్ మానిటర్ ‘ఆటో’లో ఉన్నా ఇదే జరుగుతుంది. క్లిప్ మోగడం మొదలవగానే ఇన్‌పుట్ ఆగిపోతుంది.

ఇక లూపర్‌ను ఎక్కడ పెట్టాలి? ఓవర్‌డ్రైవ్‌కు ముందు పెడితే లేయర్లన్నీ, వాటితోపాటు మీ లైవ్ గిటార్ కూడా ఒకే డిస్టార్షన్‌లోకి కలిసి దూరతాయి. వాల్యూమ్ పెద్దగా పెరగదు, శబ్దం మాత్రం బురదైపోతుంది. అందుకని డిస్టార్షన్, కంప్రెసర్ తర్వాత లూపర్, దాని తర్వాత రివర్బ్ పెట్టమంటాను. రివర్బ్ చివర ఉంటే లూప్ తిరిగే చోట దాని తోక తెగదు. ఇంకో పొరపాటు గమనించండి. ఒక ట్రాక్‌లో ఎఫెక్ట్స్ అయ్యాక వచ్చిన శబ్దాన్ని మరో ట్రాక్‌లో రికార్డ్ చేసి, ఆ రెండో ట్రాక్ మీద కూడా అవే ఎఫెక్ట్స్ ఉంచితే లూప్‌కు రెండుసార్లు పూత పడుతుంది.

మొదటి లేయర్ బాగానే ఉండి, పోనుపోను తగ్గిపోతుంటే లూపర్‌లోని ఫీడ్‌బ్యాక్ సెట్టింగ్ చూడండి. 100 శాతం ఉంటే పాతది తగ్గదు. 90కి పెట్టి ఓవర్‌డబ్‌లోనే వదిలేస్తే, ఏడు చుట్లు తిరిగేసరికి మొదటి లేయర్ సగానికి పడిపోతుంది. ప్లే మోడ్‌లోకి వస్తే ఫీడ్‌బ్యాక్ ప్రభావం ఉండదు. కాబట్టి లేయర్ అయిపోగానే ఓవర్‌డబ్ నుంచి బయటికి రావడం అలవాటు చేసుకోండి. 1970లలో గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ రెండు రెవాక్స్ టేప్ మెషీన్లతో లూప్ చేసినప్పుడు చుట్టు చుట్టుకూ పైస్థాయి స్వరాలు అరిగిపోయేవి, ఆ అరుగుదలే ఆయన సంగీతానికి అందమైంది. సాఫ్ట్‌వేర్‌లో అది దానంతటదే జరగదు. లూప్ క్రమంగా మొద్దుబారుతుంటే ఏదో ఫిల్టరో ప్లగిన్నో ఫీడ్‌బ్యాక్ దారిలో కూర్చుందని అర్థం.

తిరగబడిన సమస్య, అంటే లేయర్లు పెరిగేకొద్దీ లైవ్ గిటార్ నలిగిపోతుంటే, మాస్టర్ మీద లిమిటర్‌ను అనుమానించండి. సమాన బలమున్న లేయర్లు రెట్టింపైన ప్రతిసారీ మొత్తం సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. నాలుగు లేయర్లకు 6, ఎనిమిదింటికి 9. ఆ బరువంతా లిమిటర్ మీద పడితే అది అన్నిటినీ కలిపి నొక్కుతుంది. మొదటి లేయర్ పీక్ మైనస్ 15 దగ్గర ఉండేలా మొదలుపెడితే పైవాటికి చోటుంటుంది.

లూప్ ఒక వైపు స్పీకర్‌లోనే వస్తుంటే ఇన్‌పుట్‌ను స్టీరియో నుంచి మోనోకు మార్చండి, అంతే.

ఇవన్నీ సరిచూసుకున్నా తేడా ఉందనిపిస్తే చెవిని కాదు, మీటర్‌ను అడగండి. మాస్టర్ అవుట్‌పుట్‌ను రికార్డ్ చేస్తూ ఒకే కార్డ్ వరసను ఒకే బలంతో వాయించి, లూప్ క్లోజ్ చేసి, చెయ్యి తీసేయండి. క్లోజ్ చేయకముందు, చేశాక ఉన్న భాగాలను పక్కపక్కన పెట్టి చూడండి. మీటర్‌లో సమానంగా ఉండి చెవికి మాత్రం తేడాగా ఉంటే, అకూస్టిక్ గిటార్ విషయంలో కారణం తేలికే. వాయించేటప్పుడు గిటార్ డొక్క మీ ఛాతీకి ఆనుకుని నేరుగా మోగుతుంది. ఆ నిండుదనం హాల్లో ఎవరికీ వినబడదు, దానికోసం లూప్‌కు బేస్ పెంచకండి.

డబ్బు తీసుకుని వాయించేవాళ్లు ఇంకొకటి చేయాలి. నాలుగు అవుట్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఉంటే లైవ్ గిటార్‌ను 1-2కు, లూప్‌ను 3-4కు పంపి, మిక్సర్ దగ్గరున్న ఆయనకు వేరువేరు చానళ్లుగా ఇవ్వండి. రెండూ ఒకే చానల్‌లో వెళ్లి, ఆ చానల్ మీద ఆయన కంప్రెసర్ వేసి ఉంటే, ఇంట్లో మీరు పడ్డ శ్రమంతా అక్కడ కొట్టుకుపోతుంది. సౌండ్ చెక్‌లో ‘‘అన్నా, నా చానళ్ల మీద కంప్రెసర్ ఉంటే తీసేయండి, లూప్ నడుస్తుండగా గిటార్ ఒక్కసారి పెంచి చూడండి’’ అని అడగండి. ఒక్క లేయర్‌తో సరిపెట్టుకోకుండా, మీ పాటల్లో ఎక్కువ లేయర్లున్న దాన్ని పూర్తిగా నింపి వినిపించండి.