బల్ల మీది గురి, అడవిలోని గురి

తెలుగులో “గురి” అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు గుణాలు ఇమిడి ఉన్నాయి. వేసిన దెబ్బలన్నీ ఒకేచోట పడటం ఒకటి. అనుకున్న చోటనే పడటం రెండవది. ప్రయోగశాలలో స్క్రూగేజి పట్టుకున్న విద్యార్థికి ఈ తేడా తెలిసే ఉంటుంది. పది కొలతలూ ఒకదానికొకటి దగ్గరగానే వస్తాయి; కాని పరికరంలో శూన్యాంశ దోషం ఉంటే పదీ తప్పే. ల్యాబులో దీనివల్ల పోయేది మహా అయితే రెండు మార్కులు. తుపాకి విషయంలో అలా కాదు.

అమెరికాలో ‘బెంచ్‌రెస్ట్’ అనే పోటీ ఉంది. రెండవ ప్రపంచ యుద్ధానంతర సంవత్సరాల్లో బలపడింది. కదలని గట్టి బల్ల, దానిమీద ఇసుక సంచులు, వాటిమీద రైఫిలు. పోటీదారు కుర్చీలో కూర్చుని 100 లేదా 200 గజాల దూరంలోని కాగితం మీద ఐదు గుళ్లు పేలుస్తాడు. ఆ ఐదింటిలో మిక్కిలి ఎడంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరాన్ని, కేంద్రం నుంచి కేంద్రానికి, అంగుళంలో వెయ్యోవంతు వరకూ కొలుస్తారు. అది ఎంత తక్కువైతే అంత గొప్ప. ఇక్కడ గమనించవలసిన సంగతేమంటే, ఆ ఐదూ నడిబొట్టులో పడనవసరం లేదు! ఒక మూలన పడినా సరే, కలిసి పడితే చాలు. ఒక్కోసారి ఐదు గుళ్లూ ఒకే చిరుగులోంచి పోతాయి. మరి ఐదూ పేల్చాడని రుజువేమిటి? అందుకని లక్ష్యం వెనక మెల్లగా కదిలే ఇంకో కాగితం పెడతారు. దానిమీద ఐదు రంధ్రాలూ విడివిడిగా తేలతాయి.

ఈ ఆట కోసమే 1975లో లూయీ పాల్మిసానో అనే శస్త్రవైద్యుడు, ఫెరిస్ పిండెల్ అనే పనివాడు కలిసి పొట్టిగా, లావుగా ఉండే ‘6 మి.మీ. పి.పి.సి.’ తూటాను రూపొందించారు. ట్రిగ్గరు రెండు ఔన్సుల ఒత్తిడికే కదులుతుంది. బల్లకీ లక్ష్యానికీ నడుమ గాలిజెండాలు నాటి ఉంటాయి. లెక్కలోకి రాని గుళ్లు ఎన్నయినా ముందు పేల్చి, గాలి ఎటు తోస్తోందో చూసుకుని, అనుకూలమైన క్షణం కోసం కాచుకోవచ్చు.

ఇక్కడ సంఖ్యాశాస్త్రం వాళ్లకు ఒక మాట. రంధ్రాల మధ్య గరిష్ఠ దూరం అనేది గుళ్ల సంఖ్యతో పాటు పెరిగే కొలత. అదే రైఫిలు, అదే మనిషి అయినా, మూడు గుళ్ల గుంపు సగటున ఐదు గుళ్ల దానికన్నా ఐదోవంతు చిన్నదిగా కనిపిస్తుంది. పది గుళ్లదైతే నాలుగోవంతు పెద్దది. అందుకే పోటీల్లో ఒక్క గుంపుతో సరిపెట్టక, ఐదు గుంపుల సగటు చూస్తారు. 100 గజాల దగ్గర ఆ సగటు 0.2 అంగుళం చుట్టుపక్కల ఉంటేనే గట్టివాడి కింద లెక్క. బాగా పడిన ఒక్క మూడు గుళ్ల కాగితాన్ని జేబులో పెట్టుకు తిరిగేవాడు తన రైఫిలు గురించి తనకు తానే అబద్ధం చెప్పుకుంటున్నాడన్నమాట.

ఇక వేట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దాని తర్వాతి సవరణలూ వేటను నిషేధించాయి గనుక మనకీ సమస్య లేదు. అమెరికా కొండల్లో మాత్రం లైసెన్సు తీసుకుని జింకనో, ఎల్క్ అనే పెద్ద దుప్పినో 500 గజాల నుంచి కొట్టేవాళ్లున్నారు. లేజరుతో దూరం కొలిచే పరికరాలు వచ్చాక వీళ్ల ధైర్యం పెరిగింది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. కాగితం మీద 100 గజాలకు అర అంగుళమంటే 500 గజాలకు రెండున్నర అంగుళాలు. ఎనిమిదింటిలో తేలిగ్గా ఇముడుతుంది కదా, అని లెక్క.

లెక్క తప్పు కాదు, చాలదు. మామూలు శక్తిగల వేట తూటాకు 500 గజాలు పోవడానికి సెకనులో ఆరు పదో వంతులు పడుతుంది. మేస్తూ నడిచే జింక ఆ లోగా రెండడుగులు పైనే జరుగుతుంది. గుండు బయలుదేరాక మరి చేసేదేం లేదు. గంటకు పది మైళ్ల అడ్డగాలి గుండును పదిహేను, ఇరవై అంగుళాలు పక్కకు నెడుతుంది. లోయకు ఆ పక్క గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి అక్కడ జెండాలు లేవు. ముందుగా పేల్చి చూసుకునే గుళ్లు లేవు. చల్లని గొట్టంలోంచి వచ్చే మొదటి గుండే అసలు గుండు. పోటీలో గుండు తప్పితే గుంపు పెద్దదవుతుంది. ఇక్కడ తప్పితే కడుపులోనో కాలికో దెబ్బ తిన్న జంతువు పొదల్లో పడి, గంటల తరబడి బాధపడి చస్తుంది.

ద్రోణుడు శిష్యుల్ని పరీక్షించిన కథలో చెట్టుమీద పెట్టింది శిల్పులు చేసిన కృత్రిమ పక్షి అని మనవాళ్లు సాధారణంగా మరిచిపోతారు. అది ఎగరదు. ఆ పరీక్ష ఏకాగ్రతకే గాని వేటకు కాదు. బెంచ్‌రెస్ట్ కూడా అంతే, అందులో చిన్నతనమేమీ లేదు. పైగా వేటగాడికి నేడు దొరికే మంచి గొట్టాలు, గుళ్లు, కుదురుగా బిగించే పద్ధతులు చాలావరకు ఆ బల్లల దగ్గర పరీక్షకు నిలిచినవే. తుపాకి వల్ల వచ్చే దోషాన్ని బల్ల తగ్గించింది. గాలి, దూరం, జంతువు కదలిక, మనిషి ఆయాసం - వీటిని తగ్గించడం దాని పని కాదు.

థియొడోర్ రూజ్వెల్టు 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు వేటగాళ్ల సంఘమే. అయినా మితిమీరిన దూరం నుంచి కొట్టడం జంతువుకు తన ఇంద్రియాలతో ప్రమాదాన్ని పసిగట్టే అవకాశమే లేకుండా చేస్తుందని, అది న్యాయమైన వేట కాదని ప్రకటించింది. కాని ఎన్ని గజాలు దాటితే మితిమీరినట్టో సంఖ్య చెప్పలేదు. చెప్పకపోవడమే సబబని నాకు తోస్తుంది. ఆ సంఖ్య మనిషిని బట్టి, ఆ పూట గాలిని బట్టి మారుతుంది. తన హద్దు తెలుసుకోదలచినవాడు బల్ల వదిలి, ఎనిమిది అంగుళాల పళ్లెం దూరంగా పెట్టుకుని, రోజుకు ఒక్కటే గుండు, అదీ చల్లని గొట్టంతో, నేలమీద కూర్చునో పడుకునో వేసి, ఇరవై రోజుల లెక్క రాసుకుంటే సరిపోతుంది. పళ్లెం ఎంత దూరాన తప్పడం మొదలవుతుందో ఆ కాగితమే చెబుతుంది. కదలని పళ్లెం కనుక అందులోంచి కూడా కొంత తగ్గించుకోవాలి.