బ్రూక్స్ సూత్రం: మనుషులు పెరిగితే గడువు తగ్గుతుందా?

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల నిర్వహణలో తప్పక గుర్తుండాల్సిన పేరు ఫ్రెడరిక్ బ్రూక్స్. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కంప్యూటర్ల కోసం ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించారు. అది గడువు దాటింది. ఆ అనుభవంతోనే 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ అనే పుస్తకం రాశారు.

ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవాళ్లను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందన్నదే బ్రూక్స్ సూత్రం. వాళ్లకు పని నేర్పాల్సింది పాతవాళ్లే కదా, ఆ మేరకు పాతవాళ్ల సొంత పని ఆగుతుంది. మాట్లాడుకోవాల్సిన జతలూ పెరుగుతాయి: అయిదుగురికి 10, పదిమందికి 45. బట్టీ పట్టకండి, కాగితం మీద అయిదు చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా వాటితో గీతలు గీసి కలపండి. సరిగ్గా పది గీతలొస్తాయి.

బ్రూక్స్‌కు 1999లో కంప్యూటర్ రంగపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.