అంగడికి బలం మనుషులే

అంగడి పెట్టాలంటే ఏం కావాలి? గది కావాలి. సరుకు కావాలి. చేతిలో డబ్బు కావాలి. ఇవి అందరికీ తెలుసు. కానీ సరుకు తనంతట తాను అమ్ముడుపోదు. వచ్చినవాళ్లను రమ్మని పలకరించే మనిషి కావాలి. చీర విప్పి చూపించే మనిషి కావాలి. మళ్లీ మడత పెట్టి సర్దే మనిషి కావాలి.

నంద్యాలలో, ఆళ్లగడ్డలో బట్టల అంగళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎంతోమంది ఆడపిల్లలు పని చేస్తారు. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. కొందరు ఆడవాళ్లు పొదుపు సంఘంలో అప్పు తీసుకుని సొంతంగా చిన్న అంగళ్లు పెడుతున్నారు. నిన్నటిదాకా ఒకరి దగ్గర పని చేసిన ఆమె, ఈరోజు ఇద్దరికి పని ఇస్తోంది.

పని చేయడం వేరు. పని చేయించడం వేరు. అది కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఒక ఉదాహరణ చూద్దాం.

90 రూపాయల తప్పు

ఆళ్లగడ్డలో ఒక అక్క ఉంది. సంఘంలో అప్పు తీసుకుని అంగడి పెట్టింది. చీరలు, జాకెట్టు గుడ్డలు, గాజులు అమ్ముతుంది. ఇద్దరు అమ్మాయిలను పనికి పెట్టుకుంది. ఒకరు పెద్ద పాప. ఇంకొకరు చిన్న పాప. పెద్ద పాపకు పని బాగా వచ్చు. ఏ ఊరివాళ్లు ఏ రంగు అడుగుతారో ఆమెకు తెలుసు.

ఫాల్గుణ మాసంలో అహోబిలం తిరునాళ్ల వచ్చింది. అంగట్లో జనం కిక్కిరిశారు. ఆ తొందరలో పెద్ద పాప 650 రూపాయల చీరకు 560 అని రాసింది. 90 రూపాయలు పోయాయి. అక్కకు కోపం వచ్చింది.

"కండ్లు యాడ పెట్టుకున్నావు? ఎవరి సొమ్మనుకున్నావు?" అని నలుగురి ముందు అరిచింది.

పాప తల వంచుకుంది. సాయంత్రం దాకా మాట్లాడలేదు. మరుసటి రోజు పనికి రాలేదు.

90 రూపాయల నష్టం ఆ రోజుతో పోయింది. పాప పోయిన నష్టం రోజూ కనిపించింది. "ఆ పాప యాడికి పోయింది?" అని వచ్చినవాళ్లు అడిగారు. కొందరు పక్క అంగడికి పోయారు.

వదిన అడిగిన ప్రశ్న

అక్కకు నంద్యాలలో ఒక వదిన ఉంది. ఆమె పదేళ్లు బట్టల అంగట్లో పని చేసింది. అక్క ఆమెతో తన బాధ చెప్పుకుంది.

"నెలనెలా జీతం ఇస్తున్నా కదా వదినా. ఇంకేం కావాలి వాళ్లకు?"

"నువ్వూ ఒకప్పుడు మిల్లులో పని చేసినావు కదా అమ్మీ. అప్పుడు నీకేం కావాలనిపించేది?"

అక్క కాసేపు ఆలోచించింది. "చెప్పిన రోజుకు జీతం ఇస్తే బాగుండు అనిపించేది. నలుగురిలో తిట్టకుంటే బాగుండు అనిపించేది. కాళ్లు గుంజుతుంటే కాసేపు కూర్చోవాలనిపించేది."

"మరి ఆ పాపకు మాత్రం అనిపించదా?" అంది వదిన.

అక్క దగ్గర జవాబు లేదు.

మనం ఏం చేయాలి?

1. తప్పు చాటున చెప్పాలి. మెప్పు నలుగురిలో చెప్పాలి.

తప్పు ఎందుకు జరిగిందో ముందు కనుక్కోవాలి. ధర చీటీ సరిగ్గా కనిపించలేదా? జనం ఎక్కువై తికమక పడిందా? ధరను పెద్ద అంకెల్లో రాసి అంటిస్తే అలాంటి తప్పులు తగ్గుతాయి. తిడితే మనిషి భయపడుతుంది. భయపడిన మనిషి తప్పును దాచిపెడుతుంది. దాచిన తప్పు ఇంకా పెద్దదవుతుంది.

2. జీతం తేదీ తప్పకూడదు. లెక్క దాచకూడదు.

సంఘం మీటింగులో ఏం చేస్తాం? పుస్తకం తెరిచి అందరి లెక్క చదువుతాం. అందుకే ఒకరిమీద ఒకరికి నమ్మకం. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. 1999లో వేరే పథకంలో కలిసిపోయింది. అయినా మన జనం పొదుపు సంఘాన్ని ఇప్పటికీ డ్వాక్రా అనే అంటారు. ఆ సంఘాల్లో నేర్చుకున్న పద్ధతే అంగట్లోనూ పనికొస్తుంది. ఒక నోటు పుస్తకంలో ఇలా రాయాలి.

నెల జీతం: 9,000 రూపాయలు
ముందుగా తీసుకున్నది: 1,500 రూపాయలు
ఇవ్వాల్సింది: 7,500 రూపాయలు

కింద ఇద్దరూ సంతకం చేయాలి. అలాంటి కాగితమే ఒకటి పని చేసే ఆమె దగ్గర కూడా ఉండాలి. ఒకే పనికి ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకే జీతం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఈ మాట మరిచిపోకూడదు.

3. కూర్చునే చోటు ఉండాలి.

కేరళలో కోళికోడ్ అనే ఊరు ఉంది. అక్కడి అంగళ్లలో ఆడవాళ్లు రోజంతా నిలబడి పని చేసేవాళ్లు. కూర్చోనిచ్చేవాళ్లు కాదు. చాలాచోట్ల మరుగుదొడ్డి కూడా ఉండేది కాదు. అందుకని దాహం వేసినా నీళ్లు తాగేవాళ్లు కాదు. జబ్బుల పాలయ్యేవాళ్లు. విజి అనే టైలరు వాళ్లందరినీ కూడగట్టింది. 2014 చివర్లో త్రిసూర్‌లో ఒక బట్టల అంగడి ఆడవాళ్లు సమ్మెకు దిగారు. వంద రోజులకు పైగా నిలబడ్డారు. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం చట్టాన్ని మార్చింది. అంగట్లో పని చేసేవాళ్లకు కూర్చునే హక్కు వచ్చింది. 2021లో తమిళనాడులోనూ అలాంటి చట్టం చేశారు.

ఒక స్టూలు కోసం అన్నేళ్లు పోరాడాల్సి వచ్చింది. మన అంగట్లో స్టూలు వేయడానికి ఎవరి ఆర్డరూ అక్కరలేదు. బేరం లేనప్పుడు కూర్చోమంటే చాలు. జనం వచ్చినప్పుడు వాళ్లే హుషారుగా లేస్తారు.

4. సెలవు ఇవ్వాలి. వేళకు పంపాలి.

1988లో మన రాష్ట్రంలో వచ్చిన దుకాణాల చట్టం వారానికి ఒక రోజు సెలవు ఉండాలని చెప్పింది. అంగడి చిన్నదైనా, పెద్దదైనా ఒళ్లు అలిసేది ఒకటే.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లు పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ డబ్బు ఇవ్వకుండా పోవచ్చు. కానీ బస్సు ఎవరికోసమూ ఆగదు. పని చేసే పాప ఊరికి చివరి బస్సు ఎన్ని గంటలకో అంగడి ఆమెకు తెలిసి ఉండాలి.

5. పని అప్పగించాలి. లాభంలో కొంచెం పంచాలి.

"గాజుల అర నీది పాపా. ఏది తక్కువైతే అది రాసి పెట్టు" అని చెప్పి చూడండి. ఆ అర ఎంత నీటుగా ఉంటుందో! సరుకు తెచ్చే ముందు "ఏం రంగులు తెద్దాం?" అని అడగండి. కొనేవాళ్ల మాట రోజూ వినేది ఆమే.

పండగ రోజు 40,000 రూపాయల సరుకు అమ్మారు అనుకుందాం. నూటికి ఒక రూపాయి చొప్పున 400 అవుతుంది. ఇద్దరికి చెరి 200. ఇస్తామని ముందే చెప్పాలి. చెప్పింది తప్పకుండా ఇవ్వాలి. ఇవ్వలేనిది చెప్పకూడదు.

తర్వాత ఏమైంది?

అక్క పెద్ద పాప ఇంటికి పోయింది. రావాల్సిన జీతం లెక్క కట్టి పూర్తిగా ఇచ్చింది. 90 రూపాయలు పట్టుకోలేదు.

"నలుగురిలో అట్ల అనింది నా తప్పే పాపా. మళ్లీ వస్తావా?" అని అడిగింది.

"వేరే అంగట్లో చేరినా అక్కా. వాళ్లకు మాట ఇచ్చినా" అంది పాప.

ఆమె తిరిగి రాలేదు. కానీ నెల తర్వాత తన పిన్నమ్మ కూతురిని అక్క దగ్గరికి పంపింది. "పో, అక్కడ చేరు. ఆమె లెక్క సరిగ్గా ఇస్తుంది" అని చెప్పి పంపింది.

ఆలోచించండి. నలుగురూ కలిసి మాట్లాడుకోండి.

1. పెద్ద పాప ఎందుకు పని మానేసింది? 90 రూపాయల కోసమా? మాట కోసమా?
2. అక్క ఆ రోజు ఏం చేసి ఉంటే బాగుండేది?
3. మీరు పని చేసిన చోట మీకు నచ్చిన పద్ధతి ఏది? నచ్చనిది ఏది?

లెక్క చేయండి. మీ నోటు పుస్తకంలో రాయండి.

చిన్న పాప నెల జీతం 8,000 రూపాయలు. ముందుగా 1,200 తీసుకుంది. పండగ అమ్మకంలో ఆమెకు 200 రావాలి. నెలాఖరుకు ఆమెకు ఎంత ఇవ్వాలి?