పూసల లెక్క – పసిబిడ్డ ఊపిరి

వైద్యరంగంలో కొత్త ఆవిష్కరణ అనగానే పెద్ద ఆసుపత్రి, ఏసీ గది, లక్షల రూపాయల యంత్రం మన కళ్ల ముందు మెదులుతాయి. నేను చెప్పబోయే పరికరంలో ఉన్నవి రెండు వరుసల పూసలు, ఒక చిన్న ఇసుక గడియారం. అంతే.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. 2022 సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద పుట్టిన 28 రోజుల లోపే చనిపోయిన శిశువులు దాదాపు 23 లక్షల మంది. నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, సూక్ష్మక్రిములు సోకడం – ముఖ్య కారణాలు ఇవే. వీటిలో చాలా మరణాలు ఆపగలిగినవి. అయితే ప్రమాదాన్ని ఎవరో ఒకరు సకాలంలో గుర్తుపట్టాలి. పల్లెలో, అడవిలో, రాత్రివేళ ఆ గుర్తుపట్టేది ఎవరు?

ఈ ప్రశ్నకు జవాబు మనకు చాలా దగ్గరలోనే దొరికింది. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా వస్తుంది. ఆ జిల్లా దక్షిణాన సిరోంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. గోండు ఆదివాసులు ఎక్కువగా ఉండే ఆ జిల్లాకు 1986లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ అనే దంపతులు వచ్చి ‘సెర్చ్’ అనే సంస్థను మొదలుపెట్టారు. ఇద్దరూ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివి వచ్చినవారు.

అక్కడ పసిపిల్లలు న్యుమోనియాతో చనిపోతున్నారు. న్యుమోనియాను గుర్తుపట్టడానికి ఎక్స్‌రే అక్కర్లేదు, బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కపెడితే చాలావరకు తెలిసిపోతుంది. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ప్రమాదం. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఊళ్లో బిడ్డ పక్కన ఉండేది మంత్రసాని. ఆమెకు చదువు రాదు, 60 వరకు లెక్కపెట్టడం రాదు. కానీ పది వరకు వచ్చు.

అందుకే పూసల పరికరం తయారుచేశారు. ఇసుక గడియారం తిప్పిపెట్టి పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక పూర్తిగా కారకముందే ఆ వరుసలో చివరి పూస జరిగిందా, బిడ్డకు వైద్యం కావాలి. పెద్ద బిడ్డకు ఒక వరుస, పసిగుడ్డుకు ఒక వరుస. ఆరు పూసలంటే అరవై! మూడో తరగతిలో మనం నేర్చుకునే పదో ఎక్కమే ఇది. మంత్రసానికి లెక్కలు రావని చెప్పి వదిలేయకుండా, ఆమెకు వచ్చిన లెక్కతోనే పని జరిగేలా పరికరాన్ని మార్చారు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

తరువాత 1993లో ఇంకా పెద్ద పని మొదలైంది. 39 గ్రామాలను తీసుకుని, ఒక్కో ఊరి నుంచి కాస్త చదువుకున్న మహిళను ఎంపిక చేశారు. ఎంత చదువంటే, ఐదో తరగతి నుంచి పదో తరగతి మధ్య! మన హాస్టల్లో స్టడీ అవర్లో కూర్చున్న ఏ చెల్లెలికైనా సరిపోయే అర్హత. ఆమెకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తను చేశారు. ప్రసవం సమయంలో మంత్రసానితో పాటు ఆమె కూడా ఇంట్లో ఉంటుంది. బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందిస్తుంది, బరువు తూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, వెచ్చగా చుట్టి ఉంచమని, ముర్రుపాలు పారబోయవద్దని చెబుతుంది. నెల రోజుల పాటు మళ్లీ మళ్లీ ఇంటికి వెళ్లి చూస్తుంది.

1996 నుంచి మరొక అడుగు వేశారు. సెప్సిస్ లక్షణాలు కనిపిస్తే, తల్లిదండ్రులు ఆసుపత్రికి తీసుకువెళ్లలేమన్నప్పుడు, ఆ కార్యకర్తే జెంటామైసిన్ ఇంజెక్షన్, కోట్రైమోక్సజోల్ మందు ఇవ్వడం మొదలుపెట్టింది. డాక్టరు కాని మనిషి పసిగుడ్డుకు సూది వేయడమా అని భయం కలగడం సహజమే. దానికి జవాబు మాటలతో రాదు, లెక్కలతో రావాలి. చికిత్స లేనప్పుడు సెప్సిస్ వచ్చిన ప్రతి 100 మందిలో దాదాపు 17 మంది చనిపోయేవారు. కార్యకర్తలు చికిత్స మొదలుపెట్టాక ఆ సంఖ్య 3కు తగ్గింది.

పక్కనే మరో 47 గ్రామాలను పోలిక కోసం ఉంచారు. అక్కడ ఈ సేవలు లేవు, జనన మరణాలు మాత్రం నమోదు చేశారు. ఇలా ఎందుకు చేస్తారో సైన్సు చదివే విద్యార్థులు గమనించాలి. పోలిక లేకపోతే, ‘ఆ ఏడు పంటలు బాగా పండాయి, అందుకే పిల్లలు బతికారు’ అని ఎవరైనా అనవచ్చు కదా! 39 గ్రామాల్లో వెయ్యి మందికి 62గా ఉన్న నవజాత శిశు మరణాలు 1997–98 నాటికి 25 దగ్గరకు దిగాయి. పోలిక గ్రామాల్లో 60 దగ్గరే ఉండిపోయాయి. ఖర్చు ఒక బిడ్డకు సుమారు 5 డాలర్లు. ఈ ఫలితాలు 1999 డిసెంబరులో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి.

ఇక తల్లి సంగతి. కాన్పు తర్వాత రక్తస్రావం ఎక్కువై తల్లులు చనిపోతుంటారు. ఇక్కడా లెక్కే సమస్య. గుడ్డల్లో ఇంకిన రక్తం ఎంతో కంటితో ఎవరు చెప్పగలరు? కర్ణాటకలోని బెళగావిలో కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచి చూశారు. కంటి అంచనా అసలు కంటే మూడో వంతు తక్కువగా వస్తున్నదని 2006లో ప్రచురించారు. తరువాత కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లోని 80 ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. అలాంటి సంచితో కొలిచి, వెంటనే గర్భాశయాన్ని మర్దన చేయడం, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి.

యంత్రం లేకుండా వెచ్చదనం ఇచ్చే పద్ధతి కొలంబియా దేశపు బొగోటా నగరంలో పుట్టింది. 1978లో డాక్టర్ ఎడ్గార్ రే, ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువు బిడ్డలను తల్లి గుండెలకు ఆనించి కట్టించారు. దీనినే ‘కంగారూ తల్లి సంరక్షణ’ అంటారు. పుట్టిన వెంటనే ఇలా చేస్తే మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని 2021లో మన దేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రులలో రుజువైంది.

గడ్చిరోలి పద్ధతిని మన ప్రభుత్వం 2011 నుంచి ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటా చేపట్టింది. ఇంజెక్షన్ పని మాత్రం ఆశాలకు ఇవ్వలేదు. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అక్కో వదినో పురిటిలో ఉంటే, ఆశా ఎన్నిసార్లు వచ్చిందో అడగండి. రాకపోతే మీరే వెళ్లి పిలుచుకురండి.

ఊపిరి లెక్క మీరూ చూడవచ్చు. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. నిద్రలోనో, ఊరికే పడుకున్నప్పుడో చొక్కా కొద్దిగా పైకి తీసి, పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి అనుకోవాలి. సెకన్ల ముల్లు చూస్తూ పూర్తి నిమిషం లెక్కించాలి. పసిబిడ్డ ఒక్కోసారి వేగంగా, ఒక్కోసారి నెమ్మదిగా ఊపిరి తీస్తుంది కాబట్టి అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయకూడదు. 60 లేదా ఎక్కువ వస్తే మళ్లీ ఒకసారి లెక్కించండి. రెండోసారీ అంతే వచ్చినా, లేదా బిడ్డ పాలు తాగడం మానేసినా, ఏడుపు సన్నబడినా, కాళ్లు చేతులు వేలాడేసినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, బొడ్డు దగ్గర చీము పట్టినా తెల్లవారే దాకా ఆగవద్దు. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, పైన దుప్పటి కప్పి, 108కి ఫోన్ చేయండి.