బిల్డ్ టూల్ మార్చాలా? ముందు ఈ మూడు ప్రశ్నలు
మా చిన్న ఓపెన్ సోర్స్ యాప్‌లో బ్రాంచ్ మార్చిన ప్రతిసారీ బిల్డ్‌కి ఆరు నిమిషాలు పట్టేది. విసుగొచ్చి గ్రేడిల్ తీసేసి బేజెల్‌కి మారిపోదాం అనుకున్నా. ఉన్నది నలుగురం, అందరం ఖాళీ టైమ్‌లో పనిచేసేవాళ్లమే. అందుకే ముందు ఆండ్రాయిడ్ ఏం చేసిందో చూశా.

ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ మొదట్లో పూర్తిగా గ్నూ మేక్‌తోనే బిల్డ్ అయ్యేది. కోడ్ పెరిగేకొద్దీ అది స్లో అయిపోయింది. 7.0 నోగట్‌తో సూంగ్ వచ్చింది. అయినా పాత మేక్ ఫైల్స్‌ని ఒక్కరోజులో పీకేయలేదు. కాటి అనే టూల్ వాటిని నింజా ఫైల్స్‌గా మారుస్తుంది, సూంగ్ ఇచ్చేవీ నింజా ఫైల్సే. అలా పాతా కొత్తా కలిసి నడిచాయి. 2020లో బేజెల్‌కి మారతామని గూగుల్ ప్రకటించింది, కానీ ఆ పనిని మధ్యలోనే ఆపేసింది.

అది చదివాక నన్ను నేను అడిగిన ప్రశ్నలు ఇవి:

1. టైమ్ నిజంగా ఎక్కడ పోతోంది?
2. పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన నడుస్తాయా?
3. నేను లేనప్పుడు కొత్తది పాడైతే ఎవరు బాగుచేస్తారు?

మొదటిదానికి గ్రేడిల్ ప్రొఫైల్ రిపోర్ట్ తీశా. ఒకసారి కంపైల్ అయిన కోడే మళ్లీ మళ్లీ కంపైల్ అవుతోంది! డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండే బిల్డ్ కేష్ ఆన్ చేశా. ఆరు నిమిషాలు రెండుకి తగ్గాయి.

మూడోది గ్రూప్‌లో అడిగితే ఎవరూ పలకలేదు. అదే జవాబు. మేం మారలేదు.

మీరూ మారేముందు ఆ రిపోర్ట్ ఒకసారి తీసి చూడండి.